హాఫ్ నికోల్ స్ట్రీట్‌లో మా వాళ్ల బీరు ఇల్లు ఎక్కడుండేది?

మా అత్తగారి ముత్తాత 1863లో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో పుట్టాడు. అతని బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి వృత్తి 'బీర్ రిటైలర్' అని, పుట్టిన చోటు హాఫ్ నికోల్ స్ట్రీట్ అని ఉంది. "మనకి ఒకప్పుడు పబ్బుండేది" అని మావారి ఇంట్లో అందరూ అంటారు గానీ దాని పేరూ నంబరూ ఎవరికీ తెలియవు. ఇప్పుడు ఆ వీధే లేదు. ఆ పబ్బు ఉన్న చోటు కనిపెట్టాలని పట్టుకున్నాను. ఇంగ్లండ్‌లో పాత రికార్డులు వెతికే మనవాళ్లకు పనికొస్తుందని, తేలింది తేలినట్టు రాసి పెడుతున్నాను.

నవంబర్

సర్టిఫికెట్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇంగ్లండ్ జనన మరణాల రికార్డులు చూసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఇండెక్స్‌లో 1837 నుంచీ తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. ఒకే పేరున్న పిల్లలు పదిమంది కనిపించినా మనవాడెవడో దాంతో తేలిపోతుంది. కాగితం సర్టిఫికెట్ అక్కర్లేదు. నేను తీసుకున్నది 3 పౌండ్ల డిజిటల్ ఇమేజే, అన్ని వివరాలూ అందులో ఉన్నాయి.

చాలామంది పబ్బు పేరుతో వెతుకులాట మొదలుపెడతారు. పెద్ద పబ్బులకి అది కుదురుతుంది. 'బీర్ రిటైలర్' విషయం వేరు. 1830 బీర్‌హౌస్ చట్టం వచ్చాక, పన్ను కట్టే ఇంటాయన ఎవరైనా రెండు గినీలు చెల్లించి ఎక్సైజ్ లైసెన్సు తీసుకుని తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. పబ్బులకి కావాల్సిన మేజిస్ట్రేట్ల అనుమతి దీనికి అక్కర్లేదు. జిన్ను, బ్రాందీ మాత్రం అమ్మకూడదు. 1869లో కొత్త చట్టం వచ్చేదాకా ఇదే పద్ధతి. అందుకే 1863 నాటి బీరు ఇల్లు మేజిస్ట్రేట్ల కాగితాల్లో కనబడదు. డైరెక్టరీల్లో (వ్యాపారుల పేర్లు, అడ్రసులు అచ్చేసిన పుస్తకాల్లో) కూడా మనిషి పేరు వేసి పక్కన 'బీర్ రిటైలర్' అని ఊరుకునేవాళ్లు, బోర్డు మీది పేరు వేసేవాళ్లు కాదు. కాబట్టి వీధిని పట్టుకోవాలి, ఇరుగుపొరుగును పట్టుకోవాలి.

జనవరి

1851 జనాభా లెక్కల్లో ఈ బీర్ రిటైలర్, అంటే ముత్తాత తండ్రి, 'సిల్క్ వీవర్'. 1861కి బీరు అమ్ముతున్నాడు. బెత్నల్ గ్రీన్, స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేత అప్పటికే చితికిపోయి ఉంది. పైగా 1860లో ఫ్రాన్స్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరి, ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా వచ్చిపడింది. మాది చీరాల. మా ఇంటి గుంట మగ్గాన్ని నాన్న పూడ్పించి, పైన గచ్చు చేయించారు. ఆ రెండు పేజీలూ చూసినప్పటి నుంచి ఈ మనిషి మా వాడే అనిపిస్తున్నాడు.

జనాభా లెక్కల పేజీలో ఎడమ చివరి వరుసలోని అంకె షెడ్యూల్ నంబరు, అంటే ఒక్కో కుటుంబం ఫారం నంబరు, ఇంటి నంబరు కాదు. ఇంటి నంబరు వేస్తే వీధి పేరు పక్కన వేస్తారు. పేదల వీధుల్లో చాలాచోట్ల అసలు వేయనేలేదు. అలాంటప్పుడు ఆ జనాభా లెక్కల పుస్తకం మొదటి పేజీలకు వెళ్లాలి. లెక్కలు రాసిన మనిషి ఏ వీధి నుంచి ఏ వీధికి, ఏ పక్కగా నడిచాడో అక్కడ రాసి ఉంటుంది. మా వాళ్ల ఎంట్రీకి ముందు కుర్చీలు, బీరువాలు చేసే కుటుంబాలున్నాయి. మా వాళ్ల తర్వాతి ఎంట్రీలో వీధి పేరు మారిపోయింది. అంటే మూల ఇల్లు.

దీన్ని పోస్టాఫీస్ లండన్ డైరెక్టరీతో సరిచూశాను. లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు పాత డైరెక్టరీలు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. వాటిలో వీధుల విభాగం చూడండి. నంబర్ల మధ్యలో, పక్క వీధి కలిసే చోట, 'ఇక్కడ ఫలానా వీధి' అని వేస్తారు. మా బీర్ రిటైలర్ సరిగ్గా అలాంటి లైనుకి ముందున్నాడు. ఆ పేజీ దొరికిన రాత్రి అత్తగారికి ఫోన్ చేయకుండా ఉండలేకపోయాను.

మార్చి

టవర్ హామ్లెట్స్ లోకల్ హిస్టరీ లైబ్రరీ బ్యాంక్రాఫ్ట్ రోడ్డులో ఉంది. అక్కడ రేటు పుస్తకాలు, అంటే మన ఇంటి పన్ను రిజిస్టర్ల లాంటివి, చూశాను. మొత్తం వెతుకులాటలో ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఓల్డ్ నికోల్ (హాఫ్ నికోల్ స్ట్రీట్ ఉన్న పేట) లాంటి పేద వీధుల్లో చాలా ఇళ్లకు పన్ను ఓనరే కట్టేసేవాడు, కాబట్టి అద్దెవాళ్ల పేర్లు దొరకవు. పేరు లేకపోయినా ఇంటి విలువ రాసి ఉంటుంది. 1840 చట్టం ప్రకారం లండన్‌లో బీరు లైసెన్సు కావాలంటే ఇల్లు ఏడాదికి కనీసం 15 పౌండ్ల విలువ చేయాలి, లైసెన్సుదారు అందులోనే కాపురముండాలి. కుడివైపు విలువల గడి వెంట వరుసగా దిగుతుంటే 7, 8, 8, 7, ఒక్కసారిగా 16. ఎదురుగా మా వాడి పేరు. కింది గీత తర్వాత వేరే వీధి మొదలైంది. సెన్సస్, డైరెక్టరీ చెప్పిన మూల ఇల్లు ఇదే. పేరు తెలియని బీరు ఇల్లు వెతికేవాళ్లు ఈ విలువల గడిని తప్పకుండా చూడాలి.

నంబర్ల దగ్గర జాగ్రత్త. 1855లో వచ్చిన మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే లండన్ నగర సంస్థ, 1889 నుంచి లండన్ కౌంటీ కౌన్సిల్ వీధుల పేర్లూ ఇంటి నంబర్లూ విపరీతంగా మార్చాయి. 1860ల నంబరు తీసుకెళ్లి 1880ల డైరెక్టరీలో వెతికితే వేరే ఇంట్లో తేలతాం. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, మూలలు, వీటిని ఆనవాళ్లుగా పెట్టుకుని ఒక్కో ఏడాదీ ముందుకు జరగాలి.

లండన్ క్రిమినల్ కోర్టు పాత కేసుల సైటు ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌లో 1674 నుంచి 1913 దాకా కేసులున్నాయి. సాక్షులు తమ ఇల్లు, వ్యాపారం చెప్పుకుంటారు కాబట్టి వీధి పేరుతో వెతకడం లాభం. దివాళా తీసినవాళ్లైతే ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్ నోటీసుల్లో పాత అడ్రసులన్నీ వరుసగా ఉంటాయి. మా వాడు రెండింట్లోనూ లేడు.

మే

1870లలో సర్వే చేసిన ఆర్డినెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల లండన్ మ్యాపు, మైలుకి అయిదడుగుల స్కేలుది, నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైట్‌లో ఉచితంగా ఉంది. ఒక్కో ఇంటి గోడ, పెరడు విడిగా కనిపిస్తాయి. మన మూల మీద 'పి.హెచ్.' (పబ్లిక్ హౌస్, అంటే పబ్బు) అని రెండు చిన్న అక్షరాలు. అప్పటికి మా వాళ్లు ఇల్లు మారిపోయారు గానీ దుకాణం నడుస్తూనే ఉందన్నమాట. పాత మ్యాపు మీద నేటి శాటిలైట్ ఫొటో పరిచి, పైన ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా పలచన చేస్తే ఆ మూల బౌండరీ ఎస్టేట్ ఎర్ర ఇటుకల భవనాల కిందికి వస్తోంది.

లండన్ పేదరికాన్ని సర్వే చేసిన చార్లెస్ బూత్ 1889 పేదరికపు మ్యాపులో ఓల్డ్ నికోల్ వీధులకు నలుపు పూశారు. అది అట్టడుగు రంగు. 1890లలో కౌంటీ కౌన్సిల్ ఆ పేటంతా కూల్చేసింది. 5,700 మందికి పైగా ఇళ్లు పోయాయి. కొత్త ఎస్టేట్‌ను 1900లో వేల్స్ యువరాజు ప్రారంభించాడు, అందులో పబ్బులకు చోటివ్వలేదు. మధ్యలో ఆర్నాల్డ్ సర్కస్ అనే గుండ్రటి తోట ఉంది. దాని మట్టిదిబ్బ కూల్చిన ఇళ్ల శిథిలాలతో పోసిందే. మా బీరు ఇంటి ఇటుకలు కూడా అందులో ఉండే ఉంటాయని నా నమ్మకం.

ఇక మిగిలింది క్లర్కెన్‌వెల్‌లోని లండన్ ఆర్కైవ్స్. అక్కడ రెండు పనులున్నాయి. కూల్చివేత పథకం ప్లానూ, దానితోపాటు ఓనర్ల, లీజుదారుల పేర్లున్న రిఫరెన్స్ పుస్తకమూ చూడాలి. తర్వాత బ్రిక్ లేన్‌లోని ట్రూమన్ బ్రూవరీ రికార్డులు. బ్రూవరీలు దుకాణదారులకు అప్పులిచ్చి తమ బీరే అమ్మించుకునేవి. మా వాడు ట్రూమన్ దగ్గర అప్పు తీసుకుని ఉంటే బోర్డు మీది పేరు అక్కడ దొరకొచ్చు. పుస్తకాలు ముందుగా ఆర్డర్ పెట్టుకోవాలి, లోపలికి పెన్సిలే తీసుకెళ్లాలి. ఈసారి అత్తగారు కూడా వస్తానన్నారు. రీడర్ కార్డు కోసం అడ్రస్ ప్రూఫ్ తెచ్చుకోమని చెప్పాను.