హీట్ రేట్ లెక్కలో తేమ చేసిన పని

నిన్న సాయంత్రం రిపోర్టు ఇచ్చేశాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేలోపే రాసేయాలని కూర్చున్నాను.

మాది ముత్తుకూరు పక్కన పల్లె. ఎంటెక్ ప్రాజెక్టుకి కృష్ణపట్నం వైపున్న ఒక థర్మల్ ప్లాంటులో ఒక యూనిట్ (ఒక బాయిలర్, దాని టర్బైన్ కలిసిన జత) సామర్థ్యం కొలవడం తీసుకున్నాను. ప్లాంటు పేరు రాయను. స్కూలు రోజుల నుంచి మిద్దె మీద నిలబడి ఆ వైపు పొగగొట్టాలు చూసినదాన్ని. లోపల ఎంత బొగ్గు కరెంటు అవుతుందో నేనే లెక్కగట్టాలని ఎప్పటి నుంచో కోరిక.

గేట్ పాస్ రెండు రోజుల్లో వచ్చింది. సేఫ్టీ షూ మనమే కొనుక్కోవాలి. కంట్రోల్ రూమ్ వాళ్ళు అడిగిన రీడింగులన్నీ ఇచ్చారు.

పైకి చూస్తే లెక్క తేలికే. మీటర్లో తిరిగే ఒక యూనిట్ కరెంటు, అంటే ఒక కిలోవాట్-అవర్, 860 కిలోకేలరీల వేడికి సమానం. ఆ యూనిట్ తీయడానికి ఎన్ని కిలోకేలరీల బొగ్గు కాల్చామో అది హీట్ రేట్. 860ని దానితో భాగిస్తే సామర్థ్యం. అది నూటికి నలభై దాటకపోతే ఎవరి చేతగానితనమో అనుకోవద్దు. వేడి నుంచి ఎంత పని రాబట్టగలమో పై ఉష్ణోగ్రత, కింది ఉష్ణోగ్రతలే తేలుస్తాయని ఫ్రెంచ్ ఇంజినీరు సాదీ కార్నో 1824లోనే చెప్పాడు. టర్బైన్ దాటిన ఆవిరిని కండెన్సర్లో మళ్ళీ నీళ్ళు చేయాల్సిందే. వేడిలో పెద్ద వాటా పోయేది అక్కడే.

బాయిలర్‌కి బొగ్గు అందించే ఫీడర్ల తూకం ప్రకారం ఒక యూనిట్ కరెంటుకి 0.613 కిలోల బొగ్గు పడింది. నాకిచ్చిన ల్యాబ్ షీట్లో జీసీవీ, అంటే కిలో బొగ్గులో ఉన్న వేడి, 4,100 కిలోకేలరీలు. గుణిస్తే 2,513. సామర్థ్యం 34.2 శాతం.

మీటింగులో అదే పెట్టాను. ఒక పెద్ద ఇంజినీరు కుర్చీలో వెనక్కి వాలి, "ఏంది పాపా, మా యూనిట్‌ని పాత ఇనుము కింద అమ్మేయమంటావా?" అన్నారు. గదిలో పదిహేను మంది నవ్వారు. "కాలేజీలో గుణకారం కూడా చెప్పడంలేదా?" అని మళ్ళీ అన్నారు. వాళ్ళ లెక్కలో 37 పైనే ఉంది. తేడా ఎక్కడుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మా గైడ్ సార్ తల దించుకుని ఫైలు సర్దుకుంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలతో అలాగేనా మాట్లాడేది? తెలిసినవాళ్ళు ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

మొదట ల్యాబ్‌నే అనుమానించాను. బొగ్గులో వేడి కొలిచే బాంబ్ కెలోరీమీటర్ దగ్గర రోజంతా నిలబడ్డాను. గ్రాము బొగ్గుపొడిని బిళ్ళగా నొక్కి, నిక్రోమ్ తీగ తగిలించి, ఆక్సిజన్ నింపి కాలుస్తారు. ఎంత వేడి ఇస్తుందో ముందే తెలిసిన బెంజోయిక్ ఆమ్లంతో సరిచూస్తే, రావాల్సినట్టే గ్రాముకి 6,318 కేలరీల దగ్గరే వచ్చింది. తప్పు అక్కడ లేదు. ఫీడర్ల తూకమూ సరిగ్గానే ఉంది.

నవంబరు వానలు. నాలుగో రోజు శాంపిల్ తీసే పెద్దాయన రెండు సంచులు పట్టుకొచ్చాడు. ఒకటి మూతి బిగించిన ప్లాస్టిక్ సంచి, లోపలి వైపంతా నీటి చుక్కలు. ఇంకో సంచిలోది ట్రేలో పరిచి, గదిలో ఆరబెట్టాడు. "తడిదాన్ని కాల్చి చూడరా?" అన్నాను. "ఆరినాకే గదమ్మా పొడి చేసేది. బెల్టు మీద పోయేది మాత్రం ఇదిగో, ఈ తడిదే" అని సంచి ఎత్తి చూపించాడు.

అక్కడ పట్టుకున్నాను. నేను తూచింది తడి బొగ్గు, గుణించింది ఆరిన బొగ్గు వేడితో. మొత్తం తేమ 14 శాతం, ఆరిన తర్వాత మిగిలిన తేమ 6. అంటే తేమ పోగా నూటికి మిగిలేవి 86, 94. 4,100ని 86తో గుణించి 94తో భాగిస్తే 3,751. హీట్ రేట్ 2,299కి దిగింది. సామర్థ్యం 37.4. అంతటితో ఆగలేదు. పొగలో, బూడిదలో పోయే నష్టాలు లెక్కగట్టి బాయిలర్ సామర్థ్యం వేరుగా తీశాను, 86 శాతం. టర్బైన్ హీట్ రేట్, అంటే ఒక యూనిట్ కరెంటుకి టర్బైన్‌కి ఆవిరి ఇచ్చే వేడి, 1,975. దాన్ని 0.86తో భాగిస్తే 2,297. రెండు దారులూ ఒకే చోట కలిశాయి! ఈ రెండో దారి నేను సొంతంగా తేల్చుకున్నాను, ఎవరూ చెప్పింది కాదు.

ల్యాబ్ రిజిస్టర్లో 'ఏడీబీ', అంటే గాలికి ఆరిన బొగ్గు లెక్క అని స్పష్టంగా ఉంది. నాకిచ్చిన షీట్లోకి ఎక్కించేటప్పుడు ఆ మూడక్షరాలు వదిలేశారు. అడిగితే "అది అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నారు. తెలియనివాళ్ళు చదువుతారనే కదా కాగితం మీద రాసేది!

ఈ పనికి వెళ్ళేవాళ్ళు ఏ ఆఫీసు షీట్నీ నమ్మకండి, రిజిస్టర్ చూపించమనండి. బొగ్గు తూకం, జీసీవీ ఒకే తేమ మీద ఉన్నాయో లేదో ముందు అడగండి. ప్లాంటు సొంతానికి వాడుకునే కరెంటు తీసేశారా లేదా అన్నది కూడా. ఆఫీసర్ల కంటే ముందు శాంపిల్ తీసేవాళ్ళతో ఒక పూట గడపండి.

సర్టిఫికెట్ మీద సంతకం ఇంకా కాలేదు. పెట్టాల్సింది మీటింగులో ఎగతాళి చేసిన ఆ పెద్ద ఇంజినీరే. సోమవారం వెళ్తున్నాను, రిజిస్టర్ పేజీ జిరాక్సు తీసి పెట్టుకున్నాను.