వరసగా నిలబడ్డ కానుగ చెట్లు

పోయిన శుక్రవారం మా అపార్టుమెంట్ల ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. పద్నాలుగు నెలలు దాని వెంట తిరిగినవాణ్ణి కనుక, ఆ తిరుగుడు మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు అవతల అయిదున్నర ఎకరాల స్థలం, మూడు బ్లాకులు, 46,000 చదరపు మీటర్ల నిర్మాణ వైశాల్యం. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవారంతా ముందే ఈ అనుమతి తీసుకోవాలి. అది చేతికి వచ్చేదాకా స్థలానికి కాపుదల ఏర్పాటు చేసుకోవచ్చు గాని, నేలను చదును కూడా చేయకూడదు.

పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు, ఫీజు, మట్టి పరీక్ష, బోరు నీటి పరీక్ష రెండు నెలల్లో ముగిశాయి. మా స్థాయి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు కనుక ఆ తతంగమూ తప్పింది. ఇంత సులువుగా నడుస్తుంటేనే నాకు అనుమానం రావలసింది.

నిపుణుల కమిటీ ముందు వివరించే రోజున నా దగ్గర రెండు పటాలున్నాయి. ఒకటి చెట్ల పట్టిక వెంట ఉన్న పటం, రెండోది వాననీటి కాల్వల డ్రాయింగు. చెట్లను లెక్కపెట్టినవారు వేరు, డ్రాయింగు గీసినవారు వేరు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే పని నాదే, నేను చూడలేదు. కమిటీలోని ఒక పెద్దాయన మాత్రం చూశారు. మొత్తం అరవై ఒక్క చెట్లలో ఇరవై మూడు ఒకే గీత మీద, స్థలానికి అడ్డంగా వంపు తిరిగి నిలబడి ఉన్నాయి. “ఇంజనీరు గారూ, ఈ చెట్లు వరసగా ఎందుకున్నాయి?” అని అడిగారు. ఎవరో రైతు గట్టు మీద నాటి ఉంటాడని అన్నాను. “ఏమేం చెట్లు?” అన్నారు. కానుగలు, మూడు ఈత చెట్లు అని పట్టిక చూసి చదివాను. “కానుగా ఈతా కలిపి వరసలో నాటే రైతును మీరెక్కడైనా చూశారా? 2020 అక్టోబరు వానకు అక్కడ ఎంత లోతు నీళ్లు నిలిచాయో ఎవరినైనా అడిగారా?” అన్నారు. ఇరవై రెండేళ్లుగా సైట్ల మీద ఉన్నవాణ్ణి, రెండింటికీ జవాబు లేక నిలబడిపోయాను. ఎవరూ గట్టిగా నవ్వలేదు గాని, మా పర్యావరణ కన్సల్టెంటు తన ఫోనులో ఏదో అత్యవసర విషయం ఉన్నట్టు తల వంచుకున్నాడు. దరఖాస్తును వెనక్కి పంపారు.

మరుసటి రోజు ఊళ్లోకి వెళ్లి, చెరువు నీళ్లు వదిలే నీరటి కుటుంబంలోని ఒక ముసలాయనను వెతికి పట్టుకుని సైటుకు తీసుకువెళ్లాను. ఆయన చెట్ల వరసను చూసి, “ఇది పై కుంట అలుగు పారితే కింది చెరువుకు పోయే కాల్వ సారూ, అమ్మినాయన మొరం పోసి పూడ్చిండు” అని చెప్పి, కానుగ మొదట్లో కర్రతో గుచ్చి చూపించాడు. జానెడు మొరం కింద నల్లటి ఒండ్రుమట్టి తగిలింది. గ్రామ నక్షా (ఊరి పాత రెవెన్యూ పటం) తెప్పిస్తే అందులో కాల్వ గీత స్పష్టంగా ఉంది. మా డ్రాయింగులో మాత్రం వాననీరంతా తిన్నగా రోడ్డు పక్క డ్రైనులోకి పోతుంది. ఆ రోడ్డుకు డ్రైనే లేదు. నా మాట వినేవారుంటే, కన్సల్టెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు నక్షా కొనుక్కోండి. నక్షా అబద్ధం చెప్పదని కాదు, కన్సల్టెంటు అసలు సైటుకే రాడు.

లెక్క కూడా తిరిగి వేశాను. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే ఖాళీ నేలగా ఉన్నప్పుడు మా స్థలం నుంచి సుమారు నాలుగు లక్షల లీటర్లు బయటికి పోతాయి. శ్లాబులూ సిమెంటు రోడ్లూ వేశాక దాదాపు పది లక్షల లీటర్లు పోతాయి. మధ్యలోని ఆరు లక్షల లీటర్లు కింది ఇళ్ల మీద పడకుండా మేమే ఆపుకోవాలి. ప్రతి 5,000 చదరపు మీటర్ల నిర్మాణానికి ఒకటి చొప్పున వాననీటిని నేలలోకి ఇంకించే రీఛార్జి బోర్లు పది చూపించాం గాని, కుండపోత వానను బోర్లు గంటలో తాగవు; అందుకే ఆరు లక్షల లీటర్ల భూగర్భ ట్యాంకు కలిపాం. కాల్వ వెడల్పు మూడు మీటర్లే కనుక 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం ఇరువైపులా రెండేసి మీటర్లు వదిలితే చాలు. ఆ ఏడు మీటర్ల పట్టీ రెండో బ్లాకు మూలలోంచి పోయింది. ఓనరు గారు ఆర్కిటెక్టును మార్చాలన్నారు. నేను రెండు రాత్రులు కూర్చుని, బ్లాకును పక్కకు తిప్పి, ఒక్క ఫ్లాటు కూడా తగ్గకుండా అమర్చాను. దీని గురించి ఆఫీసులో ఎవరూ ఒక్క మాట అనలేదు కాబట్టి నేనే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

కాల్వ బతకడంతో దాని గట్టు మీది ఇరవై మూడు చెట్లూ బతికాయి. మిగిలినవాటిలో పంతొమ్మిదిని కొట్టక తప్పదు. పర్యావరణ అనుమతి వచ్చింది కదా అని రంపం పట్టుకుంటే కేసవుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్లకు విడిగా అనుమతి తీసుకోవాలి. కొట్టిన ఒక్కో చెట్టుకు మూడు మొక్కల చొప్పున యాభై ఏడు, స్థలంలో 80 చదరపు మీటర్లకు ఒకటి చొప్పున మొత్తం 275కు పైగా చెట్లు చూపించాలి. తనిఖీకి వచ్చిన అటవీ అధికారి ప్రతి చెట్టుకూ టేపు చుట్టి కొలిచి, మా పట్టికలో వేప అని రాసినదాన్ని తురకవేప అని దిద్దారు. ఆ రోజు కూడా కన్సల్టెంటు రాలేదు.

ఇకమీదట ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక పంపాలి. ఆ పనిని పాత కన్సల్టెంటుకు ఇవ్వవద్దని ఓనరు గారికి చెప్పాను. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు; ఎంత అడుగుతాడో కనుక్కోమన్నారు.