రెండు బారల మూరెడు

వరంగల్‌కు సముద్రం ఎటు చూసినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. అలాంటిది హన్మకొండలో మా డాబా మీద పడవల్లో వాడే జీపీఎస్‌ను, లోతు కొలిచే ఎకో సౌండర్‌ను ముందేసుకుని మూడు రోజులు కుస్తీ పట్టాను. నర్సంపేట వైపు ఒక చెరువులో పూడిక ఎంతుందో తేల్చే సర్వే పని వచ్చింది. పడవ తిరుగుతుంటే ఎక్కడ ఎంత లోతుందో ల్యాప్‌టాప్‌లో దానంతటదే ఎక్కాలి. పరికరాలు రెండూ సెకండ్ హ్యాండే. మాన్యువల్ ఒక్కదానికే ఉంది.

ఇవి మాట్లాడే భాష పేరు ఎన్ఎంఈఏ 0183. పాతదే కానీ కంటితో చదువుకోవచ్చు. ఒక్కో లైను డాలర్ గుర్తుతో మొదలవుతుంది, మధ్యలో కామాలు, అంకెలు, చివర నక్షత్రం గుర్తు (*) పెట్టి, లైను తప్పుల్లేకుండా వచ్చిందో లేదో తేల్చే అంకె, చెక్‌సమ్. పరికరం 'ఔట్' వైరు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించే సీరియల్ అడాప్టర్ 'ఇన్'కు, గ్రౌండ్ గ్రౌండ్‌కు కలిపితే చాలు. డేటా వచ్చే వేగం మామూలుగా 4800 బాడ్. నేను 9600 పెట్టి కూర్చున్నా. మొదటి సాయంత్రమంతా తెర మీద పిచ్చి గీతలే. వైరు తేడా అనుకుని సోల్డరింగ్ రెండుసార్లు ఊడదీసి మళ్లీ వేశా. పాపం, వైరు తప్పేం లేదు.

రెండో రోజు ఇంకో వింత. జీపీఎస్ తగిలించి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే మౌస్ బాణం తనంతట తనే గెంతుతోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. "వైరస్ పట్టినట్టుంది, చూస్కో" అంది మా ఆవిడ. వైరస్ కాదు. సీరియల్ పోర్టులో ఆగకుండా డేటా వస్తుంటే విండోస్ ఒక్కోసారి దాన్ని పాతకాలపు మౌస్ అనుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో 'సీరియల్ బాల్‌పాయింట్' అని కనిపించింది. తీసేస్తే మళ్లీ వచ్చింది. డిసేబుల్ చేశాకే గోల ఆగింది.

ఆ తర్వాత లైన్లు శుభ్రంగా రావడం మొదలైంది. జీపీఎస్ తన స్థానం చెప్పే ఆర్ఎంసీ లైనులో టైము పక్కన 'వీ' ఉంటే ఉపగ్రహాలు ఇంకా దొరకలేదని అర్థం, 'ఏ' వస్తే ఆ స్థానాన్ని నమ్మొచ్చు. రేఖాంశం దగ్గర 07933 అని ఉండి, తర్వాత దశాంశాలు. దాన్ని 79.33 డిగ్రీలు అని చదివామా, మా ఇల్లు పడమరకు ఇరవై కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. అది 79 డిగ్రీల 33 నిమిషాలు. నా ఎక్సెల్ షీటులో ఈ తప్పు దొర్లింది కానీ, డాబా మీదే దొరికింది.

సముద్ర పటం మీద పడవ ఎక్కడుందో చూపే ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు పోర్టులూ కలిపాను. మన చెరువుకు సముద్ర పటాలెక్కడివి! పడవ బొమ్మ దర్జాగా నేల మీద నిలబడింది. అడాప్టర్‌ను వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే పోర్టు నంబరు మారిపోతోందని, రెండింటికీ ప్లాస్టర్ అంటించి 'జీపీఎస్', 'లోతు' అని పెన్నుతో రాశా. చిన్న పనే, కానీ పడవలో ఎంత టెన్షన్ తగ్గించిందో.

చెరువు మీద మత్స్యకార సంఘం వాళ్ల పడవ. నడిపేది ఓ పెద్దాయన. సౌండర్ కొనను ఇనుప గొట్టానికి బిగించి, నీళ్లలోకి 30 సెంటీమీటర్లు దించి పక్కచెక్కకు కట్టాం. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టగానే లోతు అంకెలు ఎగిరిపడ్డాయి. చార్జర్ తీసేస్తే కుదురుకున్నాయి. ఇక ఆ రోజంతా బ్యాటరీ మీదే. గంటన్నరకోసారి ఒడ్డుకు రావడం, చార్జింగ్ పెట్టడం.

సౌండర్ పంపే డీబీటీ అనే లైను అదే లోతును మూడు కొలతల్లో ఇస్తుంది: 12.5 అడుగులు, 3.8 మీటర్లు, 2.1 ఫాథమ్‌లు. ఫాథమ్ అంటే ఆరడుగులు. పెద్దాయన తెర వైపు చూడనైనా లేదు. రాయి కట్టిన తాడు వదిలి, అడుగు తగిలాక పైకి లాగి, రెండు చేతులూ చాపి కొలిచాడు.

"రెండు బారల మూరెడున్నది బిడ్డా."

బారంటే చేతులు చాపినంత, అదీ ఆరడుగులే. మరి మెషీన్ రెండు బారల మీద జానెడు కూడా చూపించడం లేదే! తాడును టేపుతో కొలిచాను. 4.1 మీటర్లు. తెర మీద 3.8. తేడా సరిగ్గా 30 సెంటీమీటర్లు. డీబీటీ కొలిచేది సౌండర్ కొన కింది నుంచి, నీటి మట్టం నుంచి కాదు. ఆ గొట్టం దించిన లెక్క కలపడం మర్చిపోయాను. అప్పటికి నలభై నిమిషాల రికార్డు అయిపోయింది. పొద్దుగూకాక ఒడ్డున కూర్చుని ఒక్కో వరుసకూ 0.3 కలుపుకున్నా. పెద్దాయన వలలు మడుచుకుంటూ, "ఇంకా కాలేదా సారూ" అని రెండుసార్లు అడిగాడు.