అలర్జీ మాత్రకి లొంగని దురద: నా అనుభవం

మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద దురద. పగలు ఏదో పనిలో పడి ఓర్చుకునేదాన్ని, రాత్రి పడుకోగానే విజృంభించేది. నిద్రలోనే గోకేసుకుని, లేచేసరికి దుప్పటి మీద రక్తపు చుక్కలు, గోళ్లలో చర్మం పొట్టు. అలర్జీ మాత్ర వేసుకుంటే మత్తు వచ్చేది తప్ప దురద తగ్గేది కాదు.

చర్మ వైద్యురాలు ముందు గజ్జి, తామర కాదని తేల్చుకున్నారు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగి, వేళ్ల సందులు చూసి, మచ్చ అంచున పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద పెట్టారు. తర్వాత, చర్మానికి తగిలే వస్తువు ఏదైనా పడట్లేదేమో చూసే ప్యాచ్ టెస్ట్. వీపుకి అంటించిన పట్టీలు 48 గంటలు తడవకుండా ఉంచుకోవాలి. అందులో ఏమీ తేలలేదు. రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ మాత్రం ఎక్కువగా ఉన్నాయి. చర్మం తీరు, ఎన్నాళ్లుగా ఉందన్నది కూడా చూసి ఎటోపిక్ డెర్మటైటిస్, అంటే ఏళ్ల తరబడి వచ్చిపోయే ఒక రకం ఎగ్జిమా అన్నారు.

మరి మాత్ర ఎందుకు పనిచేయలేదని అడిగాను. ఒంటి మీద దద్దుర్లు లేచినప్పటి దురదకి ముఖ్య కారణం చర్మంలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు వదిలే హిస్టమిన్ అనే రసాయనం, ఆ మాత్ర అడ్డుకునేది దాన్నే. నా దురదలో హిస్టమిన్ పాత్ర తక్కువట. చర్మం పై పొర దెబ్బతింటే అక్కడి కణాలు టీఎస్‌ఎల్‌పీ లాంటి సంకేతాలు పంపుతాయి, దాంతో టీహెచ్2 అనే రకం టీ కణాలు (ఇవీ రోగనిరోధక కణాలే) చురుకై ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 అనే ప్రొటీన్లు వదులుతాయి, వీటిని అందుకునే గ్రాహకాలు దురదని మోసే నరాల మీదే ఉన్నాయి! ఐఎల్-31 నరాన్ని నేరుగా రేపుతుంది, ఐఎల్-4 వల్ల ఆ నరం ప్రతి చిన్నదానికీ రేగిపోతుంది. గోకితే పై పొర ఇంకా చెడుతుంది, మళ్లీ అవే సంకేతాలు. గోకకుండా ఉండలేవా అని రోగిని కసురుకునేవాళ్లు ఈ ముక్క తెలుసుకోవాలి, అది మనసు బలహీనత కానే కాదు.

స్టెరాయిడ్ క్రీము, తర్వాత చర్మంలో రోగనిరోధక చర్యని తగ్గించే టాక్రోలిమస్ పూత వాడాను, కొంత నయం. అదుపులోకి రాకపోయేసరికి డుపిలుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఐఎల్-4, ఐఎల్-13 రెండూ వాడుకునే ఒకే గ్రాహకాన్ని అది మూసేస్తుంది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన మందు. పెద్దవాళ్లకి మొదట 600 మిల్లీగ్రాములు, ఆపైన రెండు వారాలకోసారి 300. ఇలాంటి సంకేతాలని కణం లోపలే అడ్డుకునే జాక్ ఇన్హిబిటర్ మాత్రలు కూడా ఉన్నాయి గానీ వాటికి ముందు టీబీ పరీక్ష, మధ్యమధ్యలో రక్తపరీక్షలు కావాలి, ఇన్ఫెక్షన్ల భయమూ ఉంటుంది. ఐఎల్-31 గ్రాహకాన్ని అడ్డుకునే నెమోలిజుమాబ్‌కి 2024లో అమెరికాలోనే అనుమతి వచ్చింది.

నా విషయంలో మచ్చలు పోకముందే దురద తగ్గింది, నిద్ర పట్టింది. కళ్లు మాత్రం ఎర్రబడి మండాయి, ఈ మందుతో తరచూ వచ్చే ఇబ్బందే అది, చెప్పగానే చుక్కల మందు ఇచ్చారు. ఇంజెక్షన్ సాగుతోంది. స్నానం కాగానే మాయిశ్చరైజర్ రాయడం కూడా ఆపలేదు, పై పొర చెడితే సంకేతాలు మళ్లీ మొదలయ్యేది అక్కడినుంచే కదా.