రెండు నీలి దీపాల ఎడం

ఉద్యోగంలో చేరిన రోజు మా డిస్పాచర్, అంటే ఏ లారీ ఎటు పోవాలో చెప్పి పంపే ఆఫీసు మనిషి, చెప్పిన మొదటి మాట, బండిని వదిలి ఎక్కడికీ పోవద్దని. బాత్రూముకు వెళ్లినా కీ జేబులో ఉండాలి, డోర్లు లాక్ అయి ఉండాలి. రాత్రిపూట డీజిల్ తోడేసేవాళ్లుంటారు, ట్రెయిలర్ సీలు తెంపేవాళ్లుంటారు, ఏది పోయినా జీతంలో కోతే. కొత్త దేశం, కొత్త కొలువు. ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది. రెండో నెలలో, ఫ్రాన్స్ నుంచి ఇటలీకి కొండ కింద పోయే మాంట్ బ్లాంక్ టన్నెల్ టోల్ గేటు దగ్గర ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో సరిగ్గా దానికి ఎదురుమాట ఉంది. లోపల మంటగానీ పొగగానీ కనిపిస్తే ఇంజన్ ఆపు, కీ బండికే వదిలెయ్, దిగి నడుచుకుంటూ గోడలోపల తలదాచుకునే గది, అంటే షెల్టర్‌లోకి పో.

"కీ బండికే వదిలితే ఎవడైనా ఎత్తుకుపోతే?" అని పక్క సీట్లో ఉన్న అన్నను అడిగాను.

"మంటల్లోకి వచ్చి నీ లారీ ఎత్తుకుపోయే మొనగాడుంటే పోనీ తమ్ముడూ" అన్నాడు.

కీ ఎందుకంటే, ఫైర్ ఇంజన్‌కి దారి కావాలంటే అడ్డంగా ఉన్న బండిని ఎవరో ఒకరు జరపాలి. నేను జేబులో వేసుకుని పారిపోతే నలభై టన్నుల లారీని ఎవరు జరుపుతారు?

మొదటి మూడు నెలలు మేం ఇద్దరం ఒకే బండి నడిపాం. గల్ఫ్‌లో ఏళ్లతరబడి ట్రెయిలర్లు తోలి, తర్వాత యూరప్‌కి వచ్చినవాడు అన్న. మా కంపెనీ లిథువేనియాది. నెంబర్ ప్లేటు అక్కడిది, లోడెక్కేది ఫ్రాన్స్‌లో, దించేది ఇటలీలో. లిథువేనియా నేల మీద నేను గడిపిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాది రీఫర్, అంటే చల్లగా ఉంచే ట్రెయిలర్. చీజ్, వెన్న, గడ్డకట్టించిన బ్రెడ్డు ఇలాంటివి మోస్తాం. ఈ టన్నెల్ సంగతి తెలిసినవాళ్లకు ఈ ముక్క వినగానే ఒళ్లు కొంచెం జలదరిస్తుంది. ఎందుకో చెప్తాను.

ఫ్రాన్స్‌లో షామొనీ నుంచి ఇటలీలో కూర్మాయూర్ దాకా 11.6 కిలోమీటర్ల సొరంగం ఇది. 1965లో తెరిచారు. ఒకే గొట్టం, రెండు వైపుల ట్రాఫిక్కూ అందులోనే. రోడ్డు వెడల్పు 7 మీటర్లు. ఎదురుగా లారీ వస్తుంటే అద్దాలు తగులుతాయేమోనని మొదట్లో ఊపిరి బిగబట్టేవాణ్ణి.

1999 మార్చి 24న ఫ్రాన్స్ వైపు నుంచి ఒక రీఫర్ లారీ లోపలికి వెళ్లింది. అందులో ఉన్నది పెట్రోలు కాదు, గ్యాసు కాదు. మైదాపిండి, వెన్నలా వాడే మార్గరీన్. లారీ నుంచి తెల్లటి పొగ రావడం ఎదురుగా వచ్చేవాళ్లు చూసి హెడ్‌లైట్లు కొట్టారు. డ్రైవర్ సొరంగం మధ్య దగ్గరలో ఆపి దిగాడు, అంతలోనే మంట అంటుకుంది. ఆ మంట ఆరడానికి 53 గంటలు పట్టింది. 39 మంది పోయారు. మార్గరీన్ కొవ్వు కదా, కరిగి నూనెలా కాలింది. నారింజ రంగు పలకలు పెట్టుకున్న ప్రమాదకర సరుకు ట్యాంకర్లను ఇప్పుడు ఇటు రానివ్వరు, మంచిదే. కానీ ఆ రోజు కాలింది ఏ ప్రమాదకర జాబితాలోనూ లేని వంటింటి సరుకు. వెనక ఇరవై టన్నుల చీజ్ పెట్టుకుని వెళ్లే నాకు ఈ సంగతి తెలియడం ఒక రకంగా శిక్షే.

పోయినవాళ్లలో ఎక్కువమంది తమ బండ్లలోనే పోయారు. కొందరు అద్దాలు బిగించుకుని, సర్దుకుంటుందిలే అనుకుని కూర్చుని ఉంటారు. పొగ నిమిషాల్లో వచ్చేసింది, గాలిలో ఆక్సిజన్ లేక ఇంజన్లు కూడా ఆగిపోయాయి. బండిని వదలొద్దనే మాట వాళ్లకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారని నాకు అనిపిస్తుంది. పియెర్లూచో టినాజి అని టన్నెల్ భద్రతా సిబ్బందిలో ఒకాయన, మోటార్ సైకిల్ మీద గస్తీ తిరిగేవాడు. పొగలోకి వెళ్లి, ఒక లారీ డ్రైవర్‌ను వదిలి రాలేక, అతనితోపాటు షెల్టర్‌లోనే చనిపోయాడు. ఆయన స్మారకం ఇటలీ వైపు ఉంది. అన్న అటు దాటిన ప్రతిసారీ స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి గుండెకు ఆనించుకునేవాడు. కారణం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు నిబంధనలకొద్దాం. లారీ తిన్నగా టన్నెల్‌కి పోవడానికి లేదు. 3.5 టన్నులు దాటిన బండ్లు ఫ్రాన్స్ వైపు పాసీ దగ్గర ఒక పెద్ద యార్డులో ఆగాలి, ఇటలీ వైపైతే ఆవోస్టాలో. కాగితాలు చూస్తారు, పాత ఇంజన్ల బండ్లను వెనక్కి పంపేస్తారు, తర్వాత ఎడం ఇచ్చి ఒక్కొక్కటిగా వదులుతారు. ఈ ఆగడం దగ్గరే డ్రైవర్‌కు టెన్షన్. మా టాకోగ్రాఫ్, అంటే డ్రైవింగు గంటలు నమోదు చేసే యంత్రం, నాలుగున్నర గంటల డ్రైవింగుకు 45 నిమిషాల విరామం అడుగుతుంది. నలభై నిమిషాలు ఆగాక, ముందున్నవాడు కదిలాడని పది మీటర్లు జరిగితే విరామం తెగినట్టే, మళ్లీ ముప్పై నిమిషాలు ఆగాలి. యార్డులో ఈ లెక్క వేసుకుంటూ కూర్చున్న డ్రైవర్ మొహాలు చూడాలి, పరీక్ష హాల్లో ఆఖరి పది నిమిషాల్లా ఉంటాయి. ఒకవైపు వెళ్లడానికే లారీకి టోలు 300 యూరోలు దాటుతుంది, అది మాత్రం కంపెనీ కార్డే చూసుకుంటుంది.

యార్డు దాటాక కొండ ఎక్కుడు. వంతెనల మీదుగా ఎక్కి ఎక్కి 1,274 మీటర్ల ఎత్తులో సొరంగం నోటి దగ్గరికి చేరేసరికి ఇంజన్ కుతకుతలాడుతూ ఉంటుంది. అందుకే టన్నెల్‌కి ముందు వేడి కనిపెట్టే కెమెరాలు పెట్టారు. బండి నడుస్తుండగానే అవి ఇంజన్, టర్బో, చక్రాలు అన్నిటి వేడీ చూస్తాయి.

నన్ను ఒకసారి పక్కకు తీశారు. అప్పటికి అన్న వేరే బండికి మారాడు, నేను ఒక్కణ్ణే. పసుపు జాకెట్ మనిషి ఒకడు చేతిలో చిన్న థర్మామీటర్ పట్టుకుని ట్రెయిలర్ చుట్టూ తిరిగాడు. కుడివైపు మధ్య చక్రం దగ్గర ఆగి, నన్ను రమ్మని వేలితో పిలిచాడు. రిమ్ము దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. అంగుళం దూరంలోనే వేడి కొట్టింది, మాడిన వాసన. మిగతా చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఎక్కుడులో మనం బ్రేకు తొక్కం. అయినా ఒక్క చక్రమే అలా కాలుతోందంటే బ్రేకును బిగించే కాలిపర్ పట్టేసి వదలడం లేదన్నమాట.

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. పది రోజుల ముందే ఆ ట్రెయిలర్ ఒక పక్కకు లాగుతోందని, దిగితే వాసన వస్తోందని డిస్పాచర్‌కు మెసేజ్ పెట్టాను. "ఈ లోడు దించాక చూద్దాం, మెల్లగా నడుపు" అన్నాడు. లోడు దించాక ఇంకో లోడు వచ్చింది. ఇప్పుడు ఫోన్ చేస్తే, "కొండ ఎక్కినందుకు వేడెక్కిందని చెప్పు, అరగంట ఆగి చల్లారాక పోతానను" అన్నాడు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. పసుపు జాకెట్ మనిషి విన్నాడు, చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. మెకానిక్ వచ్చి బాగుచేసేదాకా ఈ ట్రెయిలర్ కదలదని కాగితం మీద రాసి ఇచ్చాడు. నేను ఆ కాగితాన్ని ఫోటో తీసి పంపాను. అవతల నుంచి కాసేపు మాట లేదు. రెండు గంటల్లో మెకానిక్ వచ్చాడు.

ఆ రెండు గంటలూ క్యాబిన్‌లో కూర్చుని ఒకటే ఆలోచించాను. పది రోజుల క్రితం నేను "నడపను" అనుంటే ఏమయ్యేది? కాంట్రాక్టు వాళ్ల చేతిలో, రెసిడెన్స్ కార్డు ఆ కాంట్రాక్టు మీద. నాలాంటివాడి నోట్లోంచి "కాదు" అనే మాట రావడానికి చాలా ఖర్చవుతుంది. కెమెరాకు ఆ ఖర్చు లేదు. నిబంధనలంటే డ్రైవర్‌ను పట్టుకుని జరిమానా వేసేవని చాలాకాలం అనుకున్నాను. ఇక్కడ మాత్రం నేను అనలేని మాటను నా తరఫున అనేవి అవే.

ఇక లోపల. వేగం గంటకు 70 దాటకూడదు, 50కి తగ్గకూడదు. ఓవర్‌టేక్ లేదు, యూ టర్న్ లేదు, ఆపడం లేదు. రేడియో ఆన్‌లో ఉంచాలి, ఏదైనా జరిగితే అందులోనే చెప్తారు. అన్నిటికంటే ముఖ్యం ఎడం. గోడకు 150 మీటర్లకొక నీలి దీపం ఉంటుంది. ముందు బండి ఒక దీపం దగ్గరుంటే మనం వెనక దీపం దగ్గర ఉండాలి. ఆగాల్సి వచ్చినా 100 మీటర్లు వదిలే ఆగాలి. ఎడాన్ని కొలిచే రాడార్లున్నాయి, దగ్గరికి పోతే జరిమానా ఇంటికి వస్తుంది, అంటే మా విషయంలో కంపెనీకి వస్తుంది, అక్కడినుంచి మా జీతానికి.

వినడానికి తేలిక. చెయ్యడానికి నాకు చాలా రోజులు పట్టింది. ముందు ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడన్న భయంతోనే ఇన్నేళ్లు బండి నడిపినవాణ్ణి. ఖాళీ కనిపిస్తే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద పడేది. మొదటిసారి నేను మెల్లగా ముందు లారీ వైపు జరుగుతుంటే అన్న ఏమీ అనకుండా వేగాన్ని ఒకేలా ఉంచే క్రూజ్ బటన్ మీద నా వేలు తీసి కిందికి నొక్కాడు. "ఇక్కడ ఎవడూ దూరడు. వెనకున్నవాడికి దాటే హక్కే లేదు. ఆ ఖాళీ ఎవరూ తీసుకోరు, ఉండనీ" అన్నాడు. 1999లో మంట ఒక లారీ నుంచి ఇంకో లారీకి పాకుతూ పోయింది. 100 మీటర్ల ఖాళీ రోడ్డు ఉంటే మంట దూకడం కష్టం, మనిషి దిగి నడవడానికి దారి ఉంటుంది, ఫైర్ ఇంజన్ దూరడానికి చోటు ఉంటుంది.

గోడలో ప్రతి 300 మీటర్లకో షెల్టర్ తలుపు. లోపల ఒత్తిడి పెట్టిన మంచి గాలి ఉంటుంది, అక్కణ్ణుంచి రోడ్డు కింది గ్యాలరీ గుండా బయటికి తీసుకుపోతారు. టినాజి చనిపోయిన నాటి షెల్టర్లకు ఇలా బయటపడే దారి లేదు, అది 1999 తర్వాత ఏర్పాటు చేసిందే. మూడేళ్లు మూసి, ఇవన్నీ పెట్టి 2002లో మళ్లీ తెరిచారు. 1999 తర్వాత కూడా ఆల్ప్స్ ఊరుకోలేదు. 2001లో స్విట్జర్లాండ్ గోటార్డ్ టన్నెల్లో రెండు లారీలు ఢీకొని 11 మంది, 2005లో ఫ్రాన్స్, ఇటలీల మధ్యే ఉన్న ఇంకో టన్నెల్ ఫ్రెజుస్‌లో ఇద్దరు లారీ డ్రైవర్లు పోయారు. ఈమధ్య మాంట్ బ్లాంక్‌ను మరమ్మతులకని శరదృతువులో వారాల తరబడి మూసినప్పుడు మమ్మల్ని పంపేది ఆ ఫ్రెజుస్ మీదుగానే.

పూర్తిగా దాటడానికి పది పన్నెండు నిమిషాలు. నీలి దీపాలు లెక్కపెడతాను, డెబ్బై ఏడు రావాలి. ఎప్పుడూ యాభై దాటాక లెక్క తప్పుతుంది. ఫ్రాన్స్‌లో వాన పడుతుంటే ఇటలీ వైపు ఎండ కొట్టడం ఇక్కడ మామూలే, కళ్లు చికిలించుకుంటూ బయటపడతాం.

ఇప్పుడు పాసీ యార్డులో ఆగినప్పుడే నాకొక అలవాటు. వెనక పడక కింద డ్రాలో ఉన్న పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, ఫోను తీసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని జిప్ వేస్తాను. షెల్టర్‌లోకి నడవాల్సి వస్తే నేను ఎవరో చెప్పుకోవడానికి అవే ఉంటాయి. ఎండాకాలమైనా ఆ పన్నెండు నిమిషాలు జాకెట్ విప్పను. కూర్మాయూర్ దాటి మొదటి పార్కింగులో ఆగాక వాటిని తీసి మళ్లీ డ్రాలో పెడతాను. అప్పుడు ఇంజన్ ఆపి, కీ తీసి, డిస్పాచర్ చెప్పినట్టు జేబులో వేసుకుంటాను.