ఫ్లెక్సీ మీద ఉన్నది ఎవరు?

పోయిన జూన్‌లో మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ తిరుపతిలో చేశాం. మేముండేది న్యూజెర్సీలో. పాపకి పదమూడేళ్లు. తిరుచానూరు రోడ్డులో మండపం మాట్లాడాం. పొద్దున కారు దిగేసరికి గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన వెంకటేశ్వరస్వామి, చుట్టూ పూలు, మధ్యలో కనకాంబరం రంగు ఓణీలో ఒక అమ్మాయి. చుట్టాలంతా "ఎంత కళగా ఉందో" అంటున్నారు. పాప మాత్రం దాని ముందు నిలబడిపోయింది. ముందురోజు ఫంక్షన్ వాళ్లది ఇంకా విప్పలేదేమో అనుకుందట. తర్వాత కింద అక్షరాలు కూడబలుక్కుంది. ఆదివారం తెలుగు క్లాసులో నాలుగేళ్లు కూర్చుని నేర్చుకున్న అక్షరాలవి. ఆ చదువుతో తిరుపతిలో చదివిన మొదటి మాట తన పేరే. పైన మొహం మాత్రం తనది కాదు.

"అమ్మా, ఇది నేనా?" అంది.

చామనచాయ పిల్ల మైదాపిండిలా తెల్లబడింది. చేతులు సన్నబడ్డాయి. గడ్డం కింద మచ్చ లేదు. నేనేం చెప్పను? రెండు రోజుల ముందు ఫోటోగ్రాఫర్ తమ్ముడు ఫోన్‌కి ఫోటోలు పంపి, "కలర్ కొంచెం తేల్చమంటారా అక్కా?" అని అడిగితే, పనుల హడావుడిలో "సరే తమ్ముడూ, బాగా చెయ్యి" అని మెసేజ్ పెట్టింది నేనే.

అమెరికాలో ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నానో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మాల్‌లో నిలువెత్తు బట్టల ప్రకటనలు కనిపిస్తే ఆగి, "ఇది మనిషి కాదు, కంప్యూటర్‌లో దిద్దిన బొమ్మ" అని చెప్పేదాన్ని. పాపే స్కూల్ ప్రాజెక్ట్ కోసం బోలెడు సంగతులు పోగు చేసింది. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ 1 నుంచి మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో దిద్దితే ఆ ప్రకటన మీద 'దిద్దిన ఫోటో' అని రాసి తీరాలి, లేకపోతే 37,500 యూరోల దాకా, ప్రకటన ఖర్చుని బట్టి ఇంకా ఎక్కువ కూడా జరిమానా. నార్వేలో 2022 జూలై 1 నుంచి ఇలాంటి చట్టమే ఉంది, సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని పోస్టులు పెట్టేవాళ్లకి కూడా. అమెరికాలోనే మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి 2012లో ఒక టీనేజ్ పత్రికని, నెలకి ఒక్క శీర్షికలో అయినా దిద్దని ఫోటోలు వెయ్యండని అడిగితే, ఎనభై వేలమందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ సంగతి చెప్పేటప్పుడు పాప మొహం వెలిగిపోయేది.

ఫిజీ కథ కూడా తనే చెప్పింది. అక్కడ అప్పట్లో పుష్టిగా ఉండటమే అందం. మన అవ్వలు "పిల్ల బొద్దుగా ఉంది, దిష్టి తియ్యండే" అన్నట్టే. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, బరువు తగ్గాలని వాంతి చేసుకునే స్కూలు ఆడపిల్లలు నూటికి పదకొండు మంది తేలారు. టీవీ వచ్చిన కొత్తలో అడిగినప్పుడు ఒక్కరూ లేరు.

ఇంత తెలిసిన పిల్ల ఆ రాత్రి మిద్దె మీద నా పక్కన పడుకుని, కొండ మీది దీపాల వైపు చూస్తూ మెల్లగా అడిగింది. "అమ్మా, మాల్‌లో బొమ్మలు చేసేవాళ్లకి నేనెవరో తెలీదు. నీకు తెలుసు కదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ప్రకటన మీద 'దిద్దిన ఫోటో' అని చీటీ అతికించినా చూసే ఆడవాళ్లు తమని దానితో పోల్చుకోవడం మానరని చాలా ప్రయోగాల్లో తేలింది. అమ్మే ఒప్పుకుని దిద్దించిన బొమ్మకి ఇక ఏ చీటీ పనికొస్తుంది? పైగా ఫ్రాన్స్ చట్టం చూసేది లావూ సన్నమే, ఒంటి రంగు జోలికి పోదు. మన ఇళ్లలో గొడవంతా ముందు రంగుతోనే. 1975లో మన దేశంలో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 2020లో 'ఫెయిర్' అన్న మాట తీసేశారు. నా నోట్లోంచి "కలర్ తక్కువ" అన్న మాట పోలేదు. నా చిన్నప్పుడు నన్ను అన్నారు, నేను ఏడ్చాను, అయినా పోలేదు.

మర్నాడు స్టూడియోకి వెళ్లాం, నేనూ పాపా మా అమ్మా. తనని ఎలా మార్చారో చూడాలని పాప పట్టుబట్టింది. ఆ తమ్ముడు మంచివాడు, దాచలేదు. దిద్దని ఫోటో తెరిచి మళ్లీ మొదటినుంచి చేసి చూపించాడు. ముందు గడ్డం. బుగ్గ మీంచి ఇంత చర్మం తీసి మచ్చ మీద పరిచాడు, పోయింది. ఆరేళ్లప్పుడు అలిపిరి నుంచి నడిచి ఎక్కుతూ గాలిగోపురం ఇవతల జారిపడితే పడ్డ మూడు కుట్లవి. ఆ 3,550 మెట్లలో అది ఏ మెట్టో నాకిప్పటికీ గుర్తే. తర్వాత రంగు. ఆఖరున చేతులు. గుండ్రటి బ్రష్‌తో మోచేతి పైభాగాన్ని లోపలికి నెట్టాడు, పిండిముద్దని వేలితో నొక్కినట్టు. దాంతోపాటు ఓణీ జరీ అంచు కూడా వంకర తిరిగింది. "ఇది మళ్లీ సరి చెయ్యాలక్కా, ఫ్లెక్సీలో టైం లేక వదిలేశా" అన్నాడు. "ఎందుకన్నా ఇదంతా?" అంది పాప. "చెయ్యకపోతే ఫోటో సరిగ్గా రాలేదని డబ్బులాపుతారమ్మా" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

ఆల్బంలో తర్వాతి ఫోటో మా అమ్మది. ఫంక్షన్‌కి వారం ముందు కొండకి పోయి తలనీలాలిచ్చి వచ్చింది. మనవరాలి వేడుక మన ఊళ్లో జరిగితే ఇస్తానని మొక్కుకుందట. నున్నటి గుండు, పట్టుచీర, నుదుట కుంకుమ. పాప పక్కన నవ్వుతూ నిలబడి ఉంది.

"అవ్వకి జుట్టు పెట్టమంటారా అక్కా? పాత ఫోటో ఒకటిస్తే అతికించేస్తా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ప్లాస్టిక్ కుర్చీలోంచి మా అమ్మ ముందుకి వంగింది. "స్వామికిచ్చేసింది నువ్వెట్ల తిరిగి తెస్తావు నాయనా?"

కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

పాప కాసేపు అవ్వ గుండు వైపే చూసింది. తర్వాత దగ్గరికి పోయి, తన గడ్డం పైకెత్తి, కింద మచ్చ మీద అవ్వ వేలు పెట్టించింది. "ఇది కూడా కొండదే కదా అవ్వా" అంది.

"అవునే తల్లీ."

నేను చెప్పకముందే ఆ తమ్ముడు పాప ఫోటోకి వచ్చి, చేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోయాడు. చేతులు మళ్లీ వాటి లావుకొచ్చాయి. జరీ అంచు తిన్నగా అయింది. చామనచాయ వచ్చింది. ఆఖరున మచ్చ వచ్చింది.