ఒప్పుకున్నానట

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు సాయంత్రం వచ్చింది. మేం వెళ్ళొచ్చిన సింగపూర్ ట్రిప్పు ఖర్చంతా ఒక ఎత్తు, సూట్‌కేసు కొన్న షాపు లైను ఒక్కటీ ఒక ఎత్తు. మిగతావన్నీ సింగపూర్ డాలర్లలో పడి పక్కన రూపాయలు చూపిస్తుంటే, ఇది మాత్రం సరాసరి రూపాయల్లోనే పడింది. 16,632. దాని కింద 166 ఏదో ఫీజు, దానిమీద జీఎస్టీ 30. హ్యాండ్‌బ్యాగులో మిగిలిన రసీదులన్నీ మంచం మీద కుమ్మరించి ఆ స్లిప్పు వెతికి పట్టుకున్నాను. "అర్ధరాత్రి ఇవేం పనులే" అని ఈయన అటు తిరిగి పడుకున్నారు.

స్లిప్పు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసుంది. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చదివాను. ఏ కరెన్సీలో కట్టాలో నన్ను అడిగారట. నేను రూపాయలే కావాలన్నానట. ఆ రేటుకి ఒప్పుకున్నానట.

ఎవరడిగారండీ? కౌంటర్లో కుర్రాడు కార్డు పెట్టించుకుని, మెషీను తనవైపే తిప్పుకుని టకటకా ఏవో నొక్కాడు. స్లిప్పు చింపి చేతిలో పెడుతూ "ఇండియా? రుపీస్, ఈజీ!" అని నవ్వాడు. పాపం మంచి కుర్రాడే అనుకున్నాను అప్పుడు.

ఆ ఈజీ ఏమిటో లెక్క కడితే తేలింది. సూట్‌కేసు 240 డాలర్లు. అదే వారం మిగతా లైన్లలో డాలరుకి 66 చొప్పున పడింది. ఆ షాపు మెషీను మాత్రం 69 రూపాయల 30 పైసలు వేసుకుంది. డాలర్లలోనే కొట్టి ఉంటే 15,840, విదేశీ ఖర్చు మీద మన బ్యాంకు అదనంగా వేసుకునే రెండు శాతం మార్కప్ 317, దాని మీద జీఎస్టీ 57, వెరసి 16,214 అయ్యేది. ఇప్పుడు అయినది 16,828. రూపాయల్లో కట్టాం కదా, బ్యాంకు చార్జీ తప్పిందనుకుంటే అదీ లేదు. షాపు పరాయి దేశంలో ఉంది కాబట్టి ఒక శాతం మామూలుగానే తీసుకున్నారు. అటు వాడూ తిన్నాడు, ఇటు వీడూ తిన్నాడు. తేడా 614.

ఎక్కడికి వెళ్ళినా మెషీను మీద రూపాయలా, అక్కడి కరెన్సీయా అని కనిపిస్తే అక్కడి కరెన్సీయే నొక్కాలి. ఏటీఎంలో అయితే కన్వర్షన్ వద్దు అనేది నొక్కాలి. వద్దంటే డబ్బు రాదేమో అని భయం వేసేలా రాస్తారు దాన్ని. వస్తుంది.

ఈ సంగతి నాకు తెలియక కాదు. వెళ్ళేముందు డబ్బు ఎలా పట్టుకెళ్ళాలని ఇంట్లో పెద్ద రామాయణమే జరిగింది. మా మరిది ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వాయిస్ మెసేజ్. "వదినా, ఫోరెక్స్ కార్డు తీసుకో, రేటు ముందే ఫిక్స్ అయిపోతుంది, టెన్షన్ ఉండదు." ఫోరెక్స్ కార్డంటే విదేశీ డబ్బు ముందే కొని నింపుకునే కార్డు. అతని కార్డులో పోయినసారి మిగిలిన డాలర్లు ఇంకా అలాగే పడున్నాయి. వెనక్కి మార్చుకుందామంటే బ్యాంకు కొనే రేటు వేరు, అమ్మిన రేటు వేరు. ఏటీఎంలో తీస్తే దానికో చార్జీ. అయినా అతను చెప్పేది మానడు, నేను వినేది మానను. ఈయనది నోట్ల మతం. వైజాగ్ ద్వారకా నగర్‌లో మనీ ఛేంజర్ దగ్గర బేరమాడి సింగపూర్ డాలర్లు కొన్నారు. బిల్లులో జీఎస్టీ 45 రూపాయలు చూసి, అది కనీసం అంతే ఉంటుందని వాళ్ళు చెప్పినా నమ్మక దారంతా గొణిగారు. నాది మామూలు క్రెడిట్ కార్డు. యాప్‌లో ఇంటర్నేషనల్ అనే మీట ఆన్ చేసి, వచ్చాక ఆఫ్ చేస్తే సరి అన్నాను. అంతమందిలో తెలివైనదాన్ని నేనే అని లోపల కొంచెం గర్వం కూడా.

సింగపూర్ వెళ్ళాక కూడా ఈ డబ్బు గొడవ వదల్లేదు. అక్కడ మెట్రో గేటు దగ్గర మన కార్డే తాకిస్తే చాలు, టికెట్టు అక్కర్లేదు. కానీ విదేశీ కార్డయితే వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. ఒక కార్డు మీద ఒక మనిషే. ముగ్గురికి మూడు కార్డులు, మూడు 60లు. అది తెలిసిన దగ్గర్నుంచి ఈయన చిన్నదాన్ని కూడా నడిపించడం మొదలుపెట్టారు. "రెండు స్టేషన్లే కదా" అంటారు. ఆ ఎండలో, ఆ ఉక్కలో రెండు స్టేషన్లు! వైజాగ్ ఉక్కలో పుట్టి పెరిగినదాన్ని నేనే చెమటకి తడిసి ముద్దయ్యాను. నడిచి నడిచి దాహానికి కొన్న డ్రింకులతో ఆ 60 సెంట్లు నాలుగింతలయ్యాయి. పంపు నీళ్ళు తాగొచ్చు అక్కడ, సీసా నింపుకుంటే చాలు. అది కూడా నేనే చెప్పాలి.

సరే, బాగున్నది కూడా రాయాలి. రాత్రి గార్డెన్స్ బై ద బేలో ఆ పెద్ద చెట్ల కింద చాప వేసినట్టు జనం వెల్లకిలా పడుకుని లైట్లు చూస్తుంటే మేమూ పడుకున్నాం. ఒక్క సెంటు కట్టక్కర్లేదు. చిన్నది నోరు తెరిచి చూసింది. బాగుంది, అంతే.

మళ్ళీ స్లిప్పు దగ్గరికి. "ఒప్పుకున్నాను" అన్న ఆ ముక్క చూస్తుంటే నాన్న ట్రావెలర్స్ చెక్కులు గుర్తొస్తున్నాయి.

1987 వేసవి, ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ ఎల్‌టీసీ మీద ఢిల్లీ, హరిద్వార్. అంత డబ్బు రైల్లో పట్టుకెళ్ళడానికి నాన్నకి భయం. బ్యాంకులో ట్రావెలర్స్ చెక్కులు కొన్నారు. కొన్నరోజు ప్రతి చెక్కు పైభాగంలో ఆఫీసరు ఎదురుగా ఒక సంతకం. మార్చుకునే చోట, అక్కడి గుమాస్తా చూస్తుండగా కింద ఇంకో సంతకం. రెండూ కలిస్తేనే డబ్బు. దొంగలు ఎత్తుకుపోయినా వాళ్ళకి పనికిరాదు, నంబర్లు రాసిపెట్టుకుంటే బ్యాంకు మళ్ళీ ఇస్తుంది అని నాన్న మాకు పాఠంలా చెప్పారు. నంబర్లు ఒక చీటీ మీద రాసి అమ్మకిచ్చారు, ఇంకో చీటీ నా లెక్కల పుస్తకంలో పెట్టించారు. ఏడో తరగతి నేను. దేశ రహస్యం మోస్తున్నట్టు ఉండేది.

నాన్న సంతకం తెలుగులో. మా ఊరి బ్యాంకులో తన సిరా పెన్నుతో, చొక్కా చేతులు మడిచి, ఒక్కో చెక్కు మీదా తీరిగ్గా పెట్టారు. హరిద్వార్‌లో కౌంటరుకి పురికొసతో కట్టిన బాల్ పెన్ను. ఆ పురికొస పొట్టి. నాన్న పొడుగు. నడుం వంచి, పెన్ను లాగిపట్టి, ఎలాగో గీశారు. గుమాస్తా పైదీ కిందదీ మార్చి మార్చి చూశాడు. తెలుగు అక్షరం అతనికెక్కడ తెలుసు, వంకర ఒక్కటే తెలుసు. వంకరలు కలవలేదు. వెనక పెట్టమన్నాడు. ఆ కోపంలో పెట్టిన సంతకం మొదటి రెండిటికీ చుట్టం కూడా కాలేదు. నాన్న హిందీ అయిపోయి ఇంగ్లీషు, ఇంగ్లీషు అయిపోయి తెలుగు. భోజనం తర్వాత రమ్మని కిటికీ మూసేశాడు.

బయట అరుగు మీద అమ్మ మాకు అటుకులు పంచుతోంది. అంతా విని, "మీ సంతకం మీకే కుదరకపోతే వాడేం చేస్తాడు" అంది. బొడ్లో దోపుకున్న గుడ్డమూట విప్పి, అణగి మడతలు పడ్డ పది రూపాయల నోట్లు తీసింది. ఆ డబ్బు ఉందని నాన్నకి అప్పటిదాకా తెలియదు. మధ్యాహ్నం ఇంకో ఆఫీసరు వచ్చి, నాన్నని కూర్చోబెట్టి, మంచి పెన్ను ఇచ్చి సంతకం పెట్టించుకుని డబ్బిచ్చాడు. అయినా నాన్న బతికున్నంతకాలం ఆ గుమాస్తాని తిడుతూనే ఉన్నారు. మేమూ వంతపాడేవాళ్ళం.

ఇవాళ ఆ గుమాస్తా మీద నాకు కాస్త ప్రేమ పుడుతోంది. నాన్న డబ్బు నాన్నకివ్వడానికి నాన్న చెయ్యి చూశాడు, నాన్న మొహం చూశాడు, అనుమానపడ్డాడు. ఇక్కడ నేను ఒక్క గీత గీయకుండానే, ఒక్క మాట అనకుండానే ఒప్పేసుకున్నాను. నా తరఫున మెషీను ఒప్పుకుంది.

అలాగని అతన్ని మరీ దేవుణ్ణి చేయక్కర్లేదు లెండి. పిల్లలతో ఎండలో కూర్చున్న మనుషుల ముందు కిటికీ మూసేశాడు. రెండు నిమిషాలు ఆగి మంచి పెన్ను అతనూ ఇవ్వొచ్చు. ఈ కాలంలో బతికుంటే ఓటీపీ తప్పయిందని మూడుగంటలు బ్లాక్ చేసే రకం. వద్దు, నాకు టకటకా అయిపోయే కార్డే కావాలి. కానీ నొక్కేది నేనై ఉండాలి.

ఇంకో మంట ఉంది, అది చెప్పకుండా నిద్ర పట్టదు. ఇదే సూట్‌కేసు మీద టూరిస్టులకిచ్చే జీఎస్టీ వాపసు కోసం చాంగీ ఎయిర్‌పోర్టులో మెషీను దగ్గర నిలబడ్డాను. అక్కడ జీఎస్టీ తొమ్మిది శాతం, 100 డాలర్లు దాటిన కొనుగోలుకి ఇస్తారు. పాస్‌పోర్టు స్కాన్ చేయడం, వివరాలు ఒప్పుకోవడం, అదంతా నేనే చేశాను, ఒక్కో తెర చదివి మరీ. వాళ్ళ ఫీజు పోను పదిహేను పైచిలుకు డాలర్లు వస్తుందని పొంగిపోతూ విమానం ఎక్కాను. అందులో సగానికి పైగా ఆ షాపు కౌంటర్లోనే పోయిందని అప్పుడు తెలియదు.

అడగకుండా ఇలా మార్చకూడదని కార్డు కంపెనీల నియమమే ఉంది. బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ అనే చోట రాసి, స్లిప్పు ఫోటో జతచేసి పంపేశాను. అదే స్లిప్పు మీద నేను ఒప్పుకున్నట్టు రాసుంది, అదీ చదువుతారు కాబోలు. "614 కోసం బ్యాంకుతో యుద్ధమా" అన్నారు ఈయన, నిద్రలోంచే. 45 రూపాయల కోసం ద్వారకా నగర్ నుంచి ఇంటిదాకా గొణిగిన మనిషి! ఏమీ అనలేదు, లైటు మాత్రం ఆర్పలేదు.

డబ్బు తిరిగొస్తే చెప్తాను. రాకపోయినా చెప్తాను, నా సంగతి మీకు తెలుసుగా.